బల్ల దగ్గర ఎందరు? జపాన్ తిండి సీరియళ్ళ కథ

జపాన్ టీవీలో తిండి చుట్టూ తిరిగే సీరియళ్ళ చరిత్ర తెలియాలంటే, ఏ వంటకం ఎప్పుడు తెర మీదికి వచ్చిందో వెతకడం కన్నా తినేచోట ఎంతమంది కూర్చున్నారో చూడటం మేలు.

1974లో టీబీఎస్ చానల్లో వచ్చిన 'తెరౌచి కాంతరో ఇక్కా'లో ఇంటిల్లిపాదీ కూర్చునేవారు. టోక్యో పాతపేటలో రాతిపని చేసుకునే కుటుంబం. పొట్టి కాళ్ళ బల్ల, కోపిష్టి తండ్రి, ఎదురు తిరిగే కొడుకు, తింటూ తింటూనే కొట్లాట. రచయిత్రి ముకోదా కునికో ఆ పూట ఏమేం వడ్డించాలో స్క్రిప్టులోనే రాసేది. (నాయనమ్మ వేషం కట్టిన కికి కిరిన్‌కు అప్పటికి 31 ఏళ్ళే!) ఇలాంటి ఇంటి కథలకు 'అన్నం తినే సీరియళ్ళు' అని ఎగతాళి పేరు కూడా ఉండేది. నిజానికి వాటిలో అన్నం ఒక సాకు. అందర్నీ ఒకచోట చేర్చి పోట్లాడించడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. రుచి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

చేతిలో డబ్బు ఆడిన 80లలో రుచి ఊసు తప్ప మరోటి లేకుండా పోయింది. 1983లో మొదలైన 'ఓయిషిన్‌బో' మాంగాలో తండ్రీకొడుకులు ఎవరి వంట గొప్పదో తేల్చుకోవడానికే బతుకుతున్నట్టుంటారు. అది యానిమే అయింది, నటులతో టీవీకీ ఎక్కింది. 1993లో ఫుజి టీవీ 'ఐరన్ షెఫ్'తో వంట ఏకంగా కుస్తీ పోటీ అయింది. తినేవాడు న్యాయమూర్తి అయిపోయాడు.

ఆ గొడవలోంచి లేచి బయటికి నడిచినవాడు ఇనొగషిరా గోరో. 1994లో కుసుమి మసయుకి రాయగా తానిగుచి జిరో బొమ్మలు గీసిన 'కొదోకు నో గురుమే' మాంగాలో నాయకుడతను. విదేశీ సామాన్ల వ్యాపారం ఒంటరిగా నడుపుకుంటాడు. పనిమీద ఏదో పేటకు వెళ్తాడు, ఆకలేస్తుంది, చిన్న హోటల్లోకి దూరి తింటాడు. కథ అంతే. ఇందులో కథేముందని టీవీవాళ్ళు అనుకున్నా తప్పు పట్టలేం. అది తెరకెక్కడానికి 2012 దాకా పట్టింది.

ఆలోగా 2009లో అర్ధరాత్రి హోటలొకటి తెరుచుకుంది. అబే యారో మాంగా ఆధారంగా వచ్చిన 'షిన్యా షొకుదో'. షింజుకు సందులో రాత్రి 12 నుంచి పొద్దున 7 దాకా నడిచే చిన్న హోటల్. అట్ట మీద రాసి ఉండేది పంది మాంసం వేసిన మిసో చారు భోజనం, తాగడానికి మూడు రకాలు. మిగతాది ఎవరేం అడిగితే అది, సరుకులుంటే చేసిపెడతాడు యజమాని. కొబయాషి కఓరు ఈ పాత్రలో మాట్లాడేది తక్కువ, మరిచిపోలేం. మొదటి సీజన్‌లో పెద్ద పెద్ద హోటళ్ళను చీల్చి చెండాడే ఆహార విమర్శకుడొకడు ఇక్కడికి వచ్చి, వేడన్నంలో వెన్న వేసి నాలుగు చుక్కల సోయా సాస్ పోసుకుని తింటాడు. మనం కొత్తావకాయ, నెయ్యి కలుపుకున్నట్టే. మళ్ళీ మళ్ళీ వస్తాడు. 80ల నాటి న్యాయమూర్తిని ఈ సీరియల్ ఇంత మర్యాదగా కుర్చీ దింపేసింది.

గోరోకు చోటిచ్చింది టీవీ టోక్యో. 1964లో సైన్సు చదువుల చానల్‌గా పుట్టి, రాజధాని ప్రైవేటు చానళ్ళలో చిన్నదిగా మిగిలిపోయింది. అర్ధరాత్రి వేళ, కొద్దిపాటి బడ్జెట్. తారలను, సెట్లను భరించలేనివాళ్ళకు ఒక నటుడు, ఒక నిజమైన హోటల్, మనసులో మాటలు చాలు. అంతకు ముందు ఎక్కువగా కరుకు వేషాలేసిన మత్సుషిగె యుతకా ఇందులో చేసేదల్లా ఆకలిగా తినడం. హోటళ్ళు నిజమైనవి, పేర్లతో సహా. చివర్లో రచయిత కుసుమి తనే అక్కడికి వెళ్ళి, గోరో ముట్టని మందు కొట్టి వస్తాడు.

పేదరికమే ఈ శైలిని కనిపెట్టింది, కానీ నిలబెట్టింది జనం బతుకే. 1980లో జపాన్‌లో ఒంటరి మనిషి ఇళ్ళు దాదాపు 20 శాతం. 2020 జనగణన నాటికి 38 శాతం. బల్ల దగ్గర ఒక్కడే కూర్చోవడం జాలిపడాల్సిన సంగతి కాదని ఏ ఉపన్యాసమూ లేకుండా గోరో చెప్పాడు. 2015లో 'వకకోజకే' అదే మాట ఉద్యోగం చేసుకునే అమ్మాయి వైపు నుంచి చెప్పింది.

తరవాత నెట్‌ఫ్లిక్స్ వచ్చింది. మన తెలుగు ఇళ్ళకు ఈ సీరియళ్ళు పరిచయమైంది చాలావరకు దాని పుణ్యమే. 2023లో కొరె-ఎదా హిరోకజు తీసిన 'మకనాయి' క్యోటోలో మైకోలు (గేషా విద్య నేర్చుకునే అమ్మాయిలు) ఉండే ఇంటి వంటగది కథ. కన్నుల పండుగే; కాకపోతే ఆ వంటగదిలో మసి కనబడదు.

నా మటుకు అసలైన వారసత్వం 2019లో టీవీ టోక్యోలోనే వచ్చిన 'కినో నాని తబెతా?'ది. యోషినగా ఫుమి మాంగా ఆధారం. కలిసి బతికే ఇద్దరు నడివయసు మగవాళ్ళు, ఒకరు లాయరు, ఇంకొకరు క్షౌరశాల ఉద్యోగి. వండుతారు, తింటారు, ముసలి తల్లిదండ్రుల గురించి మాట్లాడుకుంటారు. బల్ల దగ్గర మళ్ళీ ఇద్దరయ్యారు. లాయరుగారికి సూపర్‌మార్కెట్లో తగ్గింపు ధరల మీదే కన్ను. నెలకు ఇద్దరి తిండి ఖర్చు 25 వేల యెన్‌లు దాటకూడదని పట్టు. 2023లో రెండో సీజన్ వచ్చేసరికి ధరలు పెరిగిపోయి, ఆయన ఆ లెక్కను 30 వేలకు పెంచక తప్పలేదు.