నడిమి రాయి

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 1988లో కొత్త పార్లమెంటు భవనం తెరిచారు. దాని ముంగిట 90,000 గ్రానైటు ముక్కలతో పరిచిన బొమ్మ ఉంది. ప్రభుత్వమే కోరి, వార్ల్పిరి తెగ ఆదివాసి చిత్రకారుడు మైకేల్ నెల్సన్ జగమర చేత గీయించుకుంది. వాలబీ, ఉడుము వంటి జంతువులను మూలపురుషులుగా తలిచే జనం ఒకచోట కూడే గాథ అది.

1993లో ఆదివాసుల భూమి హక్కుల చట్టంపై వాదులాట నడుస్తోంది. తన జనాన్ని సర్కారు గుర్తించడం లేదని జగమర సుత్తీ ఉలీ పట్టుకొచ్చి, ఆ బొమ్మ నడిమి రాయిని పెకలించాడు.

మాకిది కొత్త కాదు. సభలకు మా గుస్సాడి, మా కొమ్ముకోయ ఆట కావాలి. పోడు భూమి మాటెత్తితే ఎవరికీ వినపడదు. బొమ్మ కోరినవాళ్లు బొమ్మలోని నేలనూ ఒప్పుకోవాలని మేమంటాం.