చెన్నపట్టణానికి వచ్చిన ఐరిష్ అతిథి

భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్షుల పట్టికలో 1894వ సంవత్సరం వద్ద మన దృష్టి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఏట డిసెంబరులో చెన్నపట్టణాన జరిగిన పదవ మహాసభకు అధ్యక్షుడు ఐర్లండు దేశీయుడైన ఆల్‌ఫ్రెడ్ వెబ్. అంతకు పూర్వం అధ్యక్షులైన జార్జి యూల్, విలియం వెడ్డర్‌బర్న్ కూడా విదేశీయులే. కాని వారు పాలక దేశం వారు. వెబ్ మనవలెనే పరపాలన ననుభవిస్తున్న మరొక దేశానికి ప్రతినిధి. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే కనుక, ఈ అతిథి మన ముంగిటికి వచ్చినవాడే.

వెబ్ 1834లో డబ్లిన్ నగరంలో క్వేకరు కుటుంబాన జన్మించాడు. తండ్రి రిచర్డ్ వెబ్ ముద్రాపకుడు, బానిసత్వానికి బద్ధవిరోధి. దాస్యవిముక్తుడైన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అమెరికా నుండి ఐర్లండు వచ్చినప్పుడు, ఆయన స్వీయచరిత్రను డబ్లిన్‌లో అచ్చువేసింది ఈయనే. అప్పటికి ఆల్‌ఫ్రెడ్‌కు 11 ఏండ్లు. ఆ సంవత్సరమే బంగాళాదుంప పైరుకు తెగులు సోకి మహాక్షామం ఆరంభమైంది. సుమారు 10 లక్షల మందిని అది పొట్టన పెట్టుకున్నది.

ఇట్టి బాల్యం గడిపిన వెబ్, తరువాత ఐరిష్ స్వపరిపాలనోద్యమంలో చేరాడు. సాయుధ విప్లవాన్ని ఆయన అంగీకరించలేదు. 1890లో పశ్చిమ వాటర్‌ఫర్డ్ నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఆ ఏడాదే నాయకుడైన పార్నెల్ విషయమై పక్షం చీలిపోగా, ఆయన పార్నెల్ వ్యతిరేకులతో నిలిచాడు. 1892లో దాదాభాయి నౌరోజీ కూడా ఆ పార్లమెంటులో ప్రవేశించాడు.

చెన్నపట్టణంలో అధ్యక్షోపన్యాసం చేస్తూ, బానిసత్వ వ్యతిరేక పోరాటపు వాతావరణంలో పెరిగిన తాను పరతంత్రతలోని చేదును స్వదేశంలోనే చవిచూచానని వెబ్ చెప్పుకున్నాడు. దౌర్జన్యం ఎక్కడ జరిగినా గర్హ్యమేననీ, తన ప్రభుత్వమే చేసినప్పుడు అందులో తనకూ బాధ్యత కలదనీ ఆయన భావం.

నాటి కాంగ్రెసు సంపూర్ణ స్వాతంత్ర్యం కోరలేదు, సంస్కరణలనే అర్థించింది. 1908లో మరణించిన వెబ్, 1922 నాటి ఐరిష్ స్వతంత్ర రాజ్యాన్ని గాని, 1947 నాటి మన స్వాతంత్ర్యాన్ని గాని చూడలేదు. అయినా శ్రోతలకు మేము మనవి చేయదలచినది ఒక్కటే: తన ఇంటికి నిప్పంటుకున్నప్పుడు పొరుగింటి మంటలను కూడా ఆర్పబూనినవాడు మనకు పరాయివాడు కాడు.