788 చెరువుల లెక్క

1908 సెప్టెంబర్ 27, ఆదివారం. హైదరాబాద్ మీద వాన దంచుతోంది. కానీ ఊరిని ముంచబోయే వాన ఊళ్లో కురవడం లేదు. అది నైరుతి దిక్కున శంషాబాద్ మీద పడుతోంది. అక్కడ 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు కురిసిందని తర్వాత లెక్క తేలింది.

మూసీకి, దాని ఉపనది ఈసీకి ఎగువనంతా గొలుసుకట్టు చెరువులే. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్లొస్తాయి. కాలం సజావుగా నడిచినన్నాళ్లూ ఈ గొలుసే ఊళ్లకు అన్నం పెట్టింది. ఆ రాత్రి అదే తిరగబడింది. ఒక కట్ట తెగితే చెరువు మొత్తం ఒక్కసారిగా కిందిదాని మీద పడుతుంది. ఆ ధాటికి అలుగు చాలదు, ఆ కట్టా తెగుతుంది. అలా తెగినవి మొత్తం 221 చెరువులు. ఈసీ వైపే 182.

నిద్రలో ఉన్న నగరానికి ఈ సంగతి తెలిసే దారి లేదు.

అర్ధరాత్రి దాటాక నది గట్లు దాటింది. సోమవారం తెల్లారేసరికి ఉత్తరపు ఒడ్డున కొల్సావాడి కొట్టుకుపోతోంది. ఎత్తుగా ఉందని జనం పేట్లాబురుజు ఎక్కారు. నది బురుజునే కూల్చింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోంచి ప్రాణాలతో బయటపడ్డాడు. ఆయన తల్లి, భార్య, కూతురు బయటపడలేదు. వంతెనల్లో 1578 నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. మిగతా మూడూ తెగాయి.

సాయంత్రానికి నది తగ్గింది. సుమారు 15 వేల మంది పోయారని అంచనా. 19 వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. అంతకు ఏడేళ్ల ముందు జనాభా లెక్కల్లో నగరంలో ఉన్నదే నాలుగున్నర లక్షల మంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నిలువ నీడ లేనివారి కోసం తన మహళ్ల తలుపులు తీయించాడు. పాతబస్తీ ఆ వరదను ‘తుఘ్యానీ’ అని ఇప్పటికీ తలుచుకుంటుంది.

బొంబాయి సర్కారులో ఇంజనీరు కొలువు వదిలేసి మోక్షగుండం విశ్వేశ్వరయ్య అప్పుడు యూరప్‌లో తిరుగుతున్నారు. నిజాం ప్రభుత్వం నుంచి కబురు వెళ్లింది. వరదను కట్టడి చేయాలి, నగరాన్ని మళ్లీ నిలబెట్టాలి, మురుగునీటికి దారి చూపాలి. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాద్ వచ్చారు.

పని నగరానిది. ఆయన చూపు మాత్రం నగరం దాటి చాలా దూరం పోయింది. వంతెనలు ఎంత ఎత్తు లేపాలి, గోడలు ఎంత మందం కట్టాలి అన్న ప్రశ్నలకు ముందే ఆయనకు ఇంకొకటి తేలాలి: ఈ నీళ్లు ఎక్కడివి? నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల నేల నుంచి వాన మూసీలోకి చేరుతుంది. అందులో 788 చెరువులు. ఇంచుమించు చదరపు మైలుకొకటి. వరద ఉధృతంగా ఉన్నప్పుడు నదిలో పారింది సెకనుకు నాలుగు లక్షల పాతికవేల ఘనపుటడుగులని లెక్కగట్టారు.

ఆ లెక్కలోంచే పరిష్కారం పుట్టింది. అంత నీటిని నగరం మధ్యలో ఏ గోడా ఆపలేదు, ఎగువనే పట్టి ఉంచి మెల్లగా వదలాలి. అందుకు మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు. ఊళ్లో నది పొడుగునా గట్లు, వాటి పక్కన తోటలు, మురుగుకు భూగర్భ కాలువలు. అక్టోబర్‌లో నివేదిక చేతికిచ్చి ఆయన మైసూరు వెళ్లిపోయారు.

ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో ఆ కాగితాలకు రూపం వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920లో గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి లేచాయి. జలాశయాలు దాహమూ తీర్చాయి. తరాలు గడిచేకొద్దీ జనం నోట గండిపేట నీళ్లన్న మాట మిగిలింది, వరద మాట మరుగునపడింది.

కొన్ని దశాబ్దాలకు నగరం పరుగు మొదలుపెట్టింది. సైబరాబాద్ వచ్చింది. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు పాత నగరపాలక సంస్థతో కలిసి జీహెచ్ఎంసీ అయ్యాయి. చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు పడింది. రోడ్డు ఎటు పోతే వెంచర్ అటు పోయింది. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల్లో హద్దురాళ్లు పాతారు. అలుగు కాలువలు నాలాలయ్యాయి, నాలాలు సందులయ్యాయి. ముందు ప్లాటు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత రోడ్డు, అన్నిటికంటే చివర డ్రైనేజీ. క్రమబద్ధీకరణ పథకం వచ్చేనాటికి క్రమబద్ధం చేయడానికి నీటి దారి మిగలదు.

జలాశయాల ఎగువనైనా ఈ వరస ఆపాలని అంతకుముందే, 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు, పెద్ద హోటళ్లకు, ఇళ్ల కాలనీలకు అడ్డుకట్ట పడింది. 2022లో ప్రభుత్వం 69 జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేసేందుకు దారి తెరిచింది. చూపిన కారణం: కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, తాగునీటికి నగరం ఈ జలాశయాల మీద ఆధారపడటం లేదు.

ఆ మాట నిజమే. కానీ వీటిని కట్టించింది దాహం కాదు, తుఘ్యానీ. మంచినీళ్లు ఎంత దూరం నుంచైనా పైపుల్లో వస్తాయి. వరద ఎక్కడిదక్కడే పారుతుంది. ఎగువన మట్టి పోయి కాంక్రీటు పరుచుకుంటే అదే వాన ఇంకకుండా ఇంకా త్వరగా కిందికి దిగుతుంది.

పైగా ఆ రెండు ఆనకట్టలు కాచేది మూసీ ఒడ్డునున్న పాత నగరాన్ని. కొత్త నగరం వేరే చెరువుల కింద పెరిగింది. 2020 అక్టోబర్‌లో కుండపోత కురిసినప్పుడు దక్షిణాన పల్లెచెరువు కట్ట, ఆ తర్వాత గుర్రం చెరువు కట్ట తెగి కాలనీలు మునిగాయి. 221 చెరువులను తెంచిన గొలుసు లెక్కే ఇక్కడా నడిచింది. తేడా అల్లా, 1908లో కట్టల కింద ఎక్కువగా పొలాలుండేవి. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తాక, మూసీ నడుమ లంక మీదున్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. ప్రయాణికులను కాపాడి బయటికి తేవాల్సి వచ్చింది.

నగరం పెరగక తప్పదు. ఉపాధి వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ఇల్లు కావాలి, ఇంటికి నేల కావాలి. తేల్చుకోవాల్సింది వరస ఒక్కటే. 1909లో ముందు నీటి లెక్క తేలింది, గోడలు, తోటలు, వీధులు దాని వెనుక నడిచాయి. మాస్టర్ ప్లాన్ గీసేవారు ముందు చెరువుల గొలుసును, అలుగు కాలువలను పటం మీద పెట్టి, మిగిలిన చోటే రోడ్లకు, లేఅవుట్లకు పంచాలి. ప్లాటు కొనేవాడు కూడా రోడ్డు వెడల్పు అడిగే ముందు పై చెరువు పేరు, దాని అలుగు పారే దారి అడగాలి. వెంచర్ ఆఫీసులో ఆ ప్రశ్నకు జవాబు దొరకకపోతే, అడ్వాన్సు ఇవ్వకుండా లేచి రావడానికి ఆ కారణం చాలు.