ఇప్పసారా

ఇప్పసారా ఎండిన ఇప్పపూలను పులియబెట్టి, కాచి తీసే సాంప్రదాయిక మద్యము. ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతాలలోని కోయలు దీనిని విందులలోనే కాక దేవతల కొలుపులలోను, పెళ్ళిళ్ళలోను, చావు కర్మలలోను వినియోగిస్తారు. ఆచారంలో భాగమైన ఈ పానీయము ఆబ్కారీ చట్టము దృష్టిలో మాత్రం నాటుసారాయే.

ఇప్పపూలు

ఇప్పచెట్టు సపోటా కుటుంబానికి చెందినది. శాస్త్రీయనామము మధూకా లాంగిఫోలియా. ఫిబ్రవరి చివరి నుండి ఏప్రిల్ వరకు పూలు రాత్రివేళ విచ్చుకొని తెల్లవారేసరికి రాలిపోతాయి. వీటిని ఏరి ఎండబెడితే ఎండుద్రాక్షలా ముడుచుకొని చాలాకాలము నిలువ ఉంటాయి. పూలను ఆహారంగా తింటారు, సంతలో అమ్ముతారు. గింజల నుండి నూనె తీస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయాలలో ఇప్పపూలు, గింజలు కూడా ఉన్నాయి.

తయారీ

ఎండుపూలను కుండలో నీటితో కొన్ని రోజులు నానబెడతారు. పూలలోని చక్కెర పులిసిన తరువాత కుండను పొయ్యిమీద కాస్తారు. పైకి లేచిన ఆవిరి చన్నీటితో చల్లబడి సారాగా మారుతుంది. మొదట దిగిన సారా ఘాటుగా, తరువాతిది పలుచగా ఉంటుంది.

స్కాట్లండుకు చెందిన సింగిల్ మాల్ట్ విస్కీ కూడా పులియబెట్టి, కాచి తీసేదే. అయితే బార్లీలో ఉన్నది పిండిపదార్థము కనుక, అది చక్కెరగా మారడానికి గింజలను ముందుగా మొలకెత్తించాలి. ఇప్పపూలకు ఆ అవసరము లేదు. విస్కీని ఓక్ పీపాలలో కనీసం 3 సంవత్సరాలు నిలువ ఉంచాలి. ఇప్పసారాను తాజాగానే తాగుతారు.

చట్టము, చరిత్ర

మన్యములో మద్యంపై ఆంక్షలు పెద్ద సంఘర్షణకు దారితీశాయి. మద్రాసు ప్రభుత్వము కల్లును గుత్తకిచ్చి, ఇంటి అవసరానికి గీసుకోవడాన్ని కూడా నిషేధించింది. అంతకుముందే ఉన్న చిగురుపన్ను భారము దీనికి తోడయింది. 1879 మార్చిలో మొదలైన రంప తిరుగుబాటుకు ఇది ముఖ్యకారణము. ఆ తిరుగుబాటు భద్రాచలం తాలూకాకు కూడా వ్యాపించింది.

స్వాతంత్ర్యానంతరము 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చట్టము అనుమతి లేకుండా సారా కాయడాన్ని నేరంగా పేర్కొన్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల ఉద్యమ ఫలితంగా రాష్ట్రంలో 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము అమలయింది. మరోవైపు, 1996 నాటి కేంద్ర పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతాలలో మద్యాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకు, పంచాయతీలకు కల్పించాలని నిర్దేశించింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వము 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి అమ్మకానికి అనుమతిస్తామని ప్రకటించింది.

ఇవి కూడా చూడండి

ఇప్ప
కోయ
రంప తిరుగుబాటు
సారా వ్యతిరేక ఉద్యమం