మధుమేహము – అవయవదానము

హైదరాబాదులో ఆబిడ్స్ పేరు విననివారుండరు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ నడపిన అంగడి వలన ఆ పేటకు ఆ పేరు వచ్చినది. ఆ నిజాము కాలముననే, 1893లో, ఇంగ్లండునందలి బ్రిస్టల్ పట్టణమున మధుమేహముతో మరణింపనున్న పదునైదేండ్ల బాలునికి ఒక వైద్యుడు గొఱ్ఱె క్లోమపు ముక్కలను చర్మము క్రింద నమర్చి చూచెను. బాలుడు మూడు దినములకే మరణించెను. యత్నము విఫలమైనను, చెడిన అవయవమునకు మారుగా వేఱొకటి నిచ్చుటయను ఊహ నిలిచినది.

1907లో నాంపల్లి రైల్వే స్టేషను వెలసిన నాటికిని ఇన్సులిన్ లేదు. ఆ స్టేషనులో దిగి ఏ వైద్యుని యొద్దకు పోయినను, మధుమేహము ముదిరిన పిల్లలకు పథ్యమే గతి. 1922లో టొరాంటోలో ఇన్సులిన్‌ను తొలిసారి రోగి కిచ్చిరి. మృత్యువు దూరమైనది, కాని దీర్ఘకాలము బ్రతికిన రోగులలో మఱియొక కష్టము బయల్పడెను. చక్కెర మిక్కుటమైన రక్తము ఏండ్ల తరబడి ప్రవహింపగా మూత్రపిండములలోని సన్నని నాళములు చెడి, వడపోత క్రమముగా క్షీణించును. అట్లు పూర్తిగా చెడిన మూత్రపిండమును ఇన్సులిన్ బాగుచేయజాలదు.

1954లో బోస్టనులో కవల సోదరుల నడుమ మూత్రపిండపు మార్పిడి ఫలించెను. 1966 డిసెంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున కెల్లీ, లిల్లీహై అను వైద్యులు ఒక మధుమేహ రోగికి మూత్రపిండమును, క్లోమమును ఒక్కమారే అమర్చిరి. కొలది దినములు ఆమెకు ఇన్సులిన్ అక్కరలేకపోయెను. కొన్ని నెలలకే ఆమె మరణించెను. పరాయి అవయవమును శరీరము త్రోసిపుచ్చకుండ కాపాడు సైక్లోస్పోరిన్ 1980 తరువాత వాడుకలోనికి వచ్చిన పిదప ఫలితములు మెరుగుపడినవి.

మన దేశమున 1971లో వెల్లూరునందు మూత్రపిండపు మార్పిడి తొలిసారిగా జయప్రదమాయెను. 1994 నాటి కేంద్ర చట్టము మెదడు మరణమును మరణముగా నంగీకరించెను. 2013లో హైదరాబాదు పంజగుట్టలోని నిమ్స్ కేంద్రముగా జీవన్‌దాన్ పథకము మొదలైనది. మృతుల అవయవములు వరుస క్రమమున రోగులకు చేరు మార్గ మేర్పడినది.

ఒక్క సంగతి మరువరాదు. మూత్రపిండము మారినంత మాత్రమున మధుమేహము పోదు. చక్కెరను అదుపున నుంచనిచో క్రొత్తదియు చెడును. క్లోమము కూడ మార్చుట కొందఱికే తగును. ఏది మార్చినను మందులు ఎడతెగక వాడవలసినదే.

ఎంత శస్త్రవిద్య పెరిగినను, మృతుని ఇంటివారు సమ్మతింపనిదే ఆ అవయవము రోగికి లభింపదు. ఆ ప్రశ్నను దుఃఖ సమయమున తొలిసారి వినుట దుర్భరము. కనుక మన కోరిక యేదో మనవారితో ముందుగానే చెప్పియుంచుట మంచిది.