ఆరు గంటల పనిదినం (కెల్లాగ్స్)
అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, బ్యాటిల్ క్రీక్ పట్టణంలోని కెల్లాగ్స్ కార్న్‌ఫ్లేక్స్ కర్మాగారంలో 1930 డిసెంబరు 1న మొదలైన విధానం. మహామాంద్యంలో మరింతమందికి పని దొరకాలని యజమాని డబ్ల్యూ.కె. కెల్లాగ్ మూడు ఎనిమిది గంటల షిఫ్టులను నాలుగు ఆరు గంటల షిఫ్టులుగా మార్చి, గంటకు ఇచ్చే కూలి పెంచాడు. మిగిలిన వేళ తోటపనికి, కుట్టుపనికి, పుస్తకాలకు, పిల్లలతో ఆటలకు దక్కింది. రెండో ప్రపంచయుద్ధంలో ఎనిమిది గంటలు తిరిగొచ్చాయి. 1946లో కార్మికులు ఓటేసి మళ్లీ ఆరు గంటలే కోరారు. ఆ తర్వాతి కాలంలో యంత్రాలు పెంచిన ఉత్పత్తి ఫలం తీరికగా కాక, ఎక్కువగా జీతం రూపంలోనే చేతికందింది. మగవారిలో చాలామంది ముందే ఎనిమిది గంటలకు మళ్లారు. పొట్టి షిఫ్టును చివరిదాకా పట్టుబట్టి నిలుపుకున్నవారిలో ఎక్కువమంది స్త్రీలు. 1985లో అదీ రద్దయింది.