బైరాన్‌పల్లి బురుజు

పాఠంలో 'స్మారక చిహ్నం' అన్న మాట వచ్చినప్పుడు ఉదాహరణ చెప్పమంటే మా కల్వకుర్తి పిల్లలు విగ్రహాల పేర్లే చెబుతారు. బురుజు ఏ ఒక్కరికీ తట్టదు. తప్పు వాళ్లది కాదు. స్మారకమంటే పోరాటం ముగిశాక కట్టేదేనని మనమూ నమ్ముతున్నాం.

1914-18 యుద్ధం తర్వాత ఇంగ్లండు, ఆస్ట్రేలియా పల్లెల్లో ఒక చర్చ నడిచింది: శిలాస్తంభమా, బతికున్నవాళ్లకు పనికొచ్చే హాలా? ఎన్నో ఊళ్లు హాలే కట్టుకున్నాయి. గోడమీద పోయినవాళ్ల పేర్లు, గోడల నడుమ సభలూ నాటకాలూ విందులూ. అదే యుద్ధానికి మనుషుల్ని పంపిన మన దేశపు పల్లెలు కొన్నింటికి దక్కింది ఒక చలువరాతి పలక. ఎందరు వెళ్లారు, ఎందరు చనిపోయారు అన్న రెండు అంకెలు. వలసపాలకుడి లెక్కలో రైతుబిడ్డ అంకెను దాటలేదు.

తెలంగాణ రైతాంగం తన అమరులకు స్తూపాలు నిలుపుకుంది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండిలోనూ ఉంది. స్తూపాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఎక్కడ చూసినా దాదాపు అదే దిమ్మె, అదే స్తంభం. ఆ ఊరు ఎట్లా పోరాడిందో అది చెప్పలేదు.

బైరాన్‌పల్లి బురుజు చెబుతుంది. నేటి సిద్దిపేట జిల్లాలోని ఆ ఊళ్లో గుండ్రంగా లేచిన పాత కట్టడం అది. దోపిడీ ముఠాలను దూరంనుంచే కనిపెట్టడానికి మన పల్లెలు బురుజులు కట్టుకునేవి. దొరల గడీలకూ బురుజులుండేవి. గడీ బురుజు ఊరిమీద కన్ను వేస్తుంది, ఊరి బురుజు పొలిమేర మీద. రూపం ఒకటే, చూపు వేరు. మన సాహిత్యంలో గడీ గురించి పుటలకు పుటలున్నాయి. బురుజుకు రెండు వాక్యాలు దొరకడం కష్టం.

1948లో రజాకార్లను ఎదిరించడానికి యువకులు నాటు తుపాకులతో ఆ బురుజెక్కారు. మొదట వచ్చిన దాడుల్ని తిప్పికొట్టారు కూడా. ఆగస్టు 27న నిజాం బలగాలూ రజాకార్లూ ఫిరంగితో వచ్చారు. దొంగల కాలానికి కట్టిన గోడ ఫిరంగికి ఏం తట్టుకుంటుంది? మృతులు 84 అని ఒక లెక్క, 118 అని మరొకటి. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు.

ఇప్పుడు ఆ బురుజుకు సిమెంటు పూసి రంగు వేస్తే సాక్ష్యం పోతుంది. మరమ్మతు పాత పద్ధతిలోనే జరగాలి. హాలు కావాలంటే కాస్త ఎడంగా, బురుజుకన్న తక్కువ ఎత్తులో, కిటికీలు దానివైపు తెరుచుకునేటట్టు కట్టాలి. లోపలి గోడమీద పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెక్కాలి. పేరు పక్కన, బతికుండగా వాళ్లు చేసిన పని.